ముత్తక్క కడిగిన తెల్లతొట్టి

ఆగాగు. ఆ సీస మూత తియ్యకు వనజా. కింద పెట్టు ముందుగల. ఏందది, యాసిడా? ఎవడిచ్చిండు నీకు, దుకాణపోడా? వాడికేం తెలుసు బిడ్డా, లెట్రిన్‌కూ అదే అమ్ముతడు, సింకుకూ అదే అమ్ముతడు, అడిగితే పండ్లు తోముకోను కూడ అదే ఇస్తడు. తీసుకపోయి గోడ అవతల పెట్టు. ఆఁ, గట్ల. నర్సమ్మవు, ఇన్ని ఊళ్లకు సూదులిస్తవు, ఇదొక్కటి తెల్వదా నీకు. నువ్వు ఆ పీట మీద కూసో. నేను కూసోను, కూసుంటే కాళ్లు గుంజుతయ్. నిన్న పగటాల ఆటోల నుంచి ఈ తొట్టిని మా వాకిట్ల దింపిచ్చినవు చూడు, అప్పటి సంది నాకు ఒక్కకాడ నిలువబుద్ధి అయితలేదు. ఇంట్లకు పోత, బయటికొస్త, మల్ల దీని కాడికే వస్త. మా కోడలు అననే అన్నది, ఏందత్తా కాలుకాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవు అని. తిరగనా మరి. రిటైరై పదిహేనేండ్లయింది, ఇగ దీని మొకం చూసే పని లేదనుకున్న. నువ్వేమో, "పుల్లమ్మమ్మా, మా అమ్మమ్మతోటి పని చేసినోళ్లల్ల నువ్వొక్కదానివే మిగిలినవు, దీన్ని ఎట్ల తెల్లగ చేసుడో చెప్పు" అని తెచ్చి నా గడపల పెట్టినవు. మిగిలిన, ఏం చెయ్యాలె.

కొత్తగూడెంల పాతసామాన్ల కొట్టు కాడ దొరికిందన్నవు గదా. దొరకదా. మేం పని చేసిన దవాఖాన కూలగొట్టినంక కిటికీలు ఒకడు పట్టుకపోయె, రేకులు ఒకడు పట్టుకపోయె, ఇది బరువని ఎవడో బోరు కాడ పడేసుకున్నడట. బర్లు నీళ్లు తాగినయట దీంట్ల. అందుకే గీ పాచి, జిడ్డు పొర. ఇది పోతది. వంటసోడ ఇంత నీళ్లల్ల కలిపి, పాత లుంగీగుడ్డ దాంట్ల ముంచి, పొర మీద కప్పి పొద్దాక ఉంచు. నానినంక గోరుతోటి గీకితే అప్పడం లెక్క లేస్తది. ఓపిక కావాలె, అంతే. సిమెంటు చుక్కలు కట్టెపుల్లతోటి మెల్లగ లేపాలె. అంచుకు పట్టిన తుప్పు కూడ కొంచెం కొంచెం పోతది. పీచు వద్దు, ఇసుక వద్దు, నిమ్మకాయ అసలే వద్దు. ఇగ నీళ్లు పోయే జాలి చుట్టు ఆ నల్లటిది ఉన్నది చూడు, అది పోదు. పోదని చెప్తున్న గదా, ఎందుకు దాన్నే రుద్దుతవు, ఇడిసిపెట్టు. ఖమ్మంల ఎవడో కొత్త పూత పోస్తనన్నడా? పోయించుకో, నాకేంది. పోయించుకునే ముందు మాత్రం నేను చెప్పేది విను.

మీ అమ్మ దీన్ని ఇంట్లకు రానియ్యనన్నదట గదా. బాలి గట్లనే అంటది, దాన్ని తప్పు పట్టకు. ఏమన్నది, నాకు తెల్వదా, నేను ఎన్నిసార్లు విన్న. "నన్ను కన్న అవ్వ లోకం పిల్లలందరికి నీళ్లు పోసింది, నా కడుపున పుట్టినదాన్ని మాత్రం ముట్టలే, ఆ తొట్టి నా కండ్ల పడనియ్యకు" అన్నది. అవ్ గదా? నువ్వేమో తెల్లగ చేసి చూపిస్తే ఆమె మనసు కరుగుతదని ఆశ. తెల్లగైతే కరిగేది కాదు బిడ్డా అది. దానికి వేరే కతున్నది. ఉండు, పొయ్యి మీద పాలు పెట్టిన్నా ఏంది నేను. లేదు, పొద్దున్నే కాగినయ్. ఏం చేస్తున్ననో నాకే తెలుస్తలేదు.

జూలూరుపాడు దాటి అడవి మొదలయ్యే కాడ ఉండె దవాఖాన. వెంకటప్పయ్య గారని, ఆంధ్ర దిక్కు నుంచి వచ్చి పొగాకు పెట్టి మస్తు భూములు చేసిండు, వాళ్లమ్మ పేరు మీద కట్టిచ్చిండు. రెండర్రలు, ఒక వరండ, ఎనుక పనోళ్లకు రెండు క్వార్టర్లు. బందరు కాడ ఎవరో తెల్లదొర బంగ్లా సామాను వేలం ఏస్తే దీన్ని కొని లారీల తెచ్చిండు. ఆరుగురు పట్టి దింపిండ్రు. లోపట పోత ఇనుము, మీద గాజు లెక్క తెల్ల పూత. ఆయన చేతులు ఎనుకకు కట్టుకొని నిలవడి, "ఇది మీ వయసుకీ నా వయసుకీ పెద్దదమ్మా, జాగర్తగా వాడుకోండి" అన్నడు. సింకు అనే మాట మాకేడ తెలుసు, తెల్లతొట్టి అన్నం. కాన్పుల అర్రల పెట్టిండ్రు. అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకు తొలి నీళ్లు ఇందులనే. పోసేది మీ అమ్మమ్మ ముత్తక్క. మా పెద్దోడికి కూడ ఆమెనే పోసింది. నువ్వు ఫొటోల చూసినట్టు ముడుచుకున్న మనిషి కాదు, ఇంత పొడుగు, నడిస్తే వరండ అదిరేది. మొగడు చెట్టు కొట్టంగ మీద పడి పోయిండు, బాలి ఒక్కతే బిడ్డ, ఆ క్వార్టర్ల ఇద్దరుండేటోళ్లు. నోరా, అబ్బో. నన్ను రోజుకు పదిసార్లు తిట్టేది. కాని బిడ్డ చేతికొస్తే చాలు, గొంతే మారేది. మోచేతి మీద నీళ్లు ఇంత పోసుకొని వేడి చూసుకునేది, బిడ్డను ఎడమ చేతి మీద బోర్ల పండవెట్టుకునేది, మీ ఊరి మాటల ఏందో చెప్పుకుంట కడిగేది. ఏమంటున్నవక్కా అంటే, "దానికి చెప్తున్న, నీకెందుకే" అనేది. పది ఊళ్లల్ల ఒక్కటే మాట, ముత్తక్క చెయ్యి మంచిది అని. డాక్టరమ్మ ఉన్నా సరే, ముత్తక్క ఉన్నదా అని అడిగి బండి దిగేటోళ్లు.

తొట్టిని కడుగుడు కూడ ఆమెదే. సబ్బునీళ్లు, మెత్తబట్ట, చివరికి పొడిబట్ట, అంతే. ఇంకోటి తగలనియ్యది. ఈ జాలి ఉన్నది చూడు, ఇప్పుడు నల్లగున్నది గాని అది ఇత్తడిది. శనివారం శనివారం దాన్ని తిప్పి ఊడదీసి, బయట బండ మీద పెట్టి, చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమేది. మంచినీళ్లతోటి మూడుసార్లు కడిగినంకనే మల్ల బిగిచ్చేది. ఊడదియ్యకుండ అక్కడనే తోమొచ్చు గదా అక్కా, నడుమెందుకు ఇరగ్గొట్టుకుంటవు అని నేనన్న ఒకనాడు. నా దిక్కు చూసి, "పులుపు దాని ఒంటికి తగలొద్దే. తగిలితే చర్మం పోతది" అన్నది. నవ్విన నేను. ఇనుప తొట్టికి చర్మమేందని. ఇరవై రెండేండ్లు నాకు గప్పుడు, కొత్తగ చేరి ఆర్నెల్లయింది, బుర్రల గాలి తప్ప ఏం లేదు.

ఎండకాలం పోతుండంగ మీ ఊళ్లె విత్తనాలకు ముందు చేసే భూమి పండుగొచ్చింది. ఆ నాలుగొద్దులు మీవోళ్లు ఎవ్వలు పనికి రారు గదా, దొర పిలిచినా రారు. ముత్తక్క బాలిని తీసుకొని పోయింది. పోతూ పోతూ తొట్టి జాగ్రత్త అని చెప్పే పోయింది. రెండో దినం పుండ్లు కడిగే మందు, నీళ్లల్ల ఏస్తే వంకాయ రంగుకొస్తది చూడు, ఆ డబ్బ నా చేతిల నుంచి జారి తొట్ల పడ్డది. కడిగితే పోతదిలే అనుకొని ఒక బండెడు పనుంటే పోయిన. వచ్చి చూస్తే జాలి చుట్టు బురద రంగు మరక, అరచెయ్యంత. సబ్బు పెట్టిన, పోలే. నాకు భయం పట్టింది. ముత్తక్క తిడతదని కాదు, పనికిరానిదని డాక్టరమ్మకు చెప్తదని. మా ఇంట్ల ఉన్నయే ఇత్తడి బిందెలు బిడ్డా. మా అమ్మ నేర్పింది ఒకటే విద్య, చింతపండు పెట్టు, ఇటుకపొడి పెట్టు, బలం కొద్ది రుద్దు. అదే చేసిన. ఇంత చింతపండు పిసికి మరక మీద పెట్టి, పొడి చల్లి, మోకాళ్ల మీద నిలవడి రుద్దిన. మరక పోయింది. ఎంత మంచిగ పోయిందంటే, ఇగ ఎందుకు ఊరుకోవాలె అని తొట్టి అడుగంత రుద్దిన. తళతళ మెరిసింది తడిమీద. ముత్తక్కకు రాని పని నాకొచ్చింది అనుకున్న, చూడు పొగరు.

ఆమె వచ్చిన దినమే పట్టుకున్నది. కండ్లతోటి కాదు, వేలు పెట్టి ఇట్ల రాసి చూసింది. "గరుకైంది" అన్నది. మల్ల రాసింది. "ఏమే పుల్లమ్మా, పులుపు గిట్ల తగిలిచ్చినవా?" అన్నది. లేదక్కా అన్న. ఎంత తొందరగ అన్ననో, ఆమె అడుగుడు కూడ పూర్తి కాలే. నా దిక్కు కాసేపు చూసింది, నమ్మింది. మనిషి నోరు పెద్దది గాని అబద్ధం ఎట్లుంటదో తెల్వది ఆమెకు. తనే ఎక్కువ రుద్దిందేమో అనుకున్నది. ఇగ అప్పటి నుంచి మొదలైంది. పూత పోయిన కాడ ఏం పోసినా పట్టుకునుడే. మందు పట్టె, రక్తం పట్టె, ఒట్టి నీళ్లు నిలిచినా పట్టె. నెలకు గోధుమ రంగైంది, రెండు నెలలకు నల్లగైంది. ఆమె ఎంత కష్టపడ్డదో నేను చూసిన. పొద్దుగాల కడిగేది, పగటాల కడిగేది, వేడినీళ్లు పోసి నానబెట్టేది. సరిగ్గ తిండి కూడ తినేది కాదు. నేను పక్కన తువ్వాల పట్టుకొని నిలవడేదాన్ని. చెప్దామని నోటిదాక వచ్చేది. ఇయ్యాల కాదు రేపు అనుకునేదాన్ని. రేపు ఇంకొంచెం నల్లగయ్యేది, అప్పుడు చెప్పుడు ఇంకొంచెం కష్టమయ్యేది.

గట్ల ఉండంగ వెంకటప్పయ్య గారి కోడలికి నెలలు నిండినయ్. మా దవాఖానలనే కాన్పు చేద్దామనుకున్నరు, నలుగురికి నమ్మకం కలుగుతదని. చూసిపోను వచ్చింది ఆమె. హైమ డాక్టరమ్మ అన్ని చూపెట్టుకుంట కాన్పుల అర్రకు తెచ్చింది. కోడలు తొట్ల తొంగి చూసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నది. "ఇందులోనా మా బిడ్డని కడిగేది?" అన్నది. అంతే అన్నది పాపం, ఇంకో మాట అనలే. డాక్టరమ్మ మొకం మాడిపోయింది. చెడ్డ మనిషి కాదు ఆమె, ఎంతమంది పానాలు కాపాడిందో, కాని ఆ దినం ఆమె తల తీసేసినట్టయింది. ముత్తక్కను పిలిచింది. వరండల కాన్పులకొచ్చినోళ్లు, వాళ్లవాళ్లు, ఒక ఇరవై మందున్నరు. "ముత్తమ్మా, చేతులు చూపించు" అన్నది. ముత్తక్క చాపింది. దినమంత రుద్ది రుద్ది ఆ చేతులు పగిలి, పగుళ్లల్ల ఆ నల్లటిది పట్టి ఉన్నది. అందరు చూస్తున్నరు. "ఈ చేతులతోనా పసిపిల్లల్ని ముట్టుకుంటున్నావు?" అన్నది డాక్టరమ్మ.

నేను రెండడుగుల దూరంల ఉన్న. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేతులు నేను కొంగుల దాచుకున్న. అప్పుడు ఒక్క మాట అంటే అయిపోయేది. చింతపండు పెట్టింది నేనమ్మా అంటే చాలు. అనలే నేను. నాకు కూడ రెండోది కడుపున ఉన్నది గప్పుడు, నాలుగో నెల, మా ఆయనకు పని లేదు. ఇవన్ని ఇప్పుడు చెప్తున్న గాని, ఆ గడియల అవేవి యాదికి రాలే నాకు. భయమైంది, అంతే. ముత్తక్క ఎదురు చెప్తదనుకున్న, అంత నోరు గదా. చేతులు చూసుకున్నది, దింపింది. సాయంత్రానికి క్వార్టర్ ఖాళీ చేసింది. బాలి నెత్తిన ఒక మూట, ఆమె నెత్తిన ఒక మూట. నా ముందు నుంచే పోయింది, "తడి నిలవనియ్యకే" అని చెప్పి పోయింది. డాక్టరమ్మ నన్ను పిలిచి, "రేపట్నుంచి నువ్వు చూసుకో పుల్లమ్మా" అన్నది. చూసుకున్న. తర్వాత దవాఖాన సర్కారు తీసుకున్నది, ఉన్నోళ్లను పర్మినెంట్ చేసింది. ఇప్పుడు నేను తినే పెన్షన్ మీ అమ్మమ్మ కుర్చీదే. మా ఆయనకు కూడ చెప్పలే ఈ మాట, పోయేదాక.

ఆగు, ఇంకున్నది. అసలుది ఇంకా ఉన్నది, లేవకు. డాక్టరమ్మ తీసేస్తే ఊళ్లు తియ్యలే ఆమెను. అడవిల తునికాకు తెంపింది, కాగితం మిల్లుకు పోయే వెదురు బొంగు కొట్టింది, కాని కాన్పంటే బండి కట్టుకొని ఆమె కాడికే పోయేటోళ్లు. వాళ్లందరు, "డాక్టరమ్మ ఏమన్నంటే అననియ్యి, ముత్తక్క చెయ్యి మంచిది" అనుకున్నరు. అది విని నా కడుపు చల్లగయ్యేది. పోనీలే, పని పోయింది గాని పేరు పోలే అని నాకు నేను చెప్పుకునేదాన్ని. పన్నెండు, పదమూడేండ్లు గట్ల గడిచినయ్. ఒకపారి నేను భద్రాచలం పోయి వస్తుంటే, సారపాక కాడ బస్సు మారాలె, అక్కడ బండ మీద కూసోని ఉన్నది మీ అమ్మమ్మ. ముసలిదైంది. నన్ను చూసి నవ్వింది, జరిగి జాగ ఇచ్చింది. మా పెద్దోడు ఏం చదువుతున్నడని అడిగింది, డాక్టరమ్మ మంచిగున్నదా అని అడిగింది. బాలికి నెలలు నిండినయ్, మనవడో మనవరాలో వస్తరు, తొలి నీళ్లు నేనే పోస్త అని సంబరంగ చెప్పింది. ఆ కడుపుల ఉన్నది నువ్వే. ఇగ చివరికి, "తొట్టి తెల్లగైందానే?" అని అడిగింది.

ఎట్ల చెప్పాలె బిడ్డా నీకు. తొట్టి ఎప్పటి లెక్కనే నల్లగున్నది, నేను కాదు గదా దేవుడు దిగొచ్చి కడిగినా పోదు. కాని ఆ మనిషి అడిగిన తీరుకు నా పానం తట్టుకోలే. ఇన్నేండ్లు దీన్నే మనసుల పెట్టుకున్నదా అనిపిచ్చింది. సంతోషపడతది, పీడ పోతది అనుకున్న. "అయింది అక్కా, నువ్వు పోయిన రెండు నెలలకే తెల్లగైంది, ఇప్పుడు మెరుస్తున్నది" అన్న. నవ్విన కూడ. ఆమె నవ్వలే. రెండు చేతులు ఒడిల పెట్టుకొని చూసుకున్నది, అటు తిప్పింది ఇటు తిప్పింది. "నేను పోంగనే తెల్లగైందంటే, లోపం నా చేతిల్నే ఉన్నదన్నట్టు" అన్నది. మెల్లగ అన్నది, నన్ను కాదు, ఆమెకామె అనుకున్నట్టు. కాదక్కా, అబద్ధం చెప్పిన, చింతపండు పెట్టింది నేనే, ఇప్పటికి నల్లగనే ఉన్నది అని అప్పుడన్న చెప్పాలె గదా. బస్సొచ్చింది. ఎక్కిన.

నెల తిరక్కముందే నువ్వు పుట్టినవు. మీ ఊరి అవతల తండాల మంగ్లి అని ఉండె, ఆమె చేసింది కాన్పు. అదే వారం మంగ్లి దవాఖానకొచ్చి నాకు చెప్పింది, "ముత్తక్కకు ఏమైందో అర్థమైతలేదు, సొంత బిడ్డ నొప్పులు పడుతుంటే గడప దాటి లోపటికి రాలే, బయట అరుగు మీద చేతులు చంకల పెట్టుకొని కూసున్నది, బిడ్డకు నీళ్లు పోయవే అంటే నేనొద్దు నేనొద్దు అని దూరం జరిగింది" అని. బాలి లోపటి నుంచి అవ్వా అవ్వా అని పిలుస్తనే ఉన్నదట. ఎందుకు రాలేదో నాకు అప్పుడే తెలిసింది. మీ ఊరికి పోయి చెప్దామనుకున్న. వానలు పడ్డయ్, వాగొచ్చింది. వాగు రెండొద్దులకు దిగింది, నేను పోలే. ఆ తర్వాత ఎవరి కాన్పుకూ పోలే మీ అమ్మమ్మ, బండి కట్టుకొచ్చినోళ్లను తిప్పి పంపింది. నీకు నాలుగేండ్లప్పుడు పోయింది. నిన్ను ఎత్తుకున్నదా ఎన్నడన్న? గదే, నేను కూడ విన్న, నువ్వు ఒడిలకు పోతే లేచి పోయేదట. మీ అమ్మ దాన్ని పంతమనుకున్నది, ఆడపిల్ల పుట్టిందని మొకం తిప్పుకున్నదనుకున్నది. పంతం కాదు బిడ్డా. తన చెయ్యి తగిలితే నీకేమన్న అయితదని. నీ మీద పానమంత పెట్టుకొని, ముట్టకుండ చచ్చిపోయింది.

ఏం చూస్తున్నవు నా దిక్కు గట్ల. తిట్టు. తిడితే పడుత, నోరు మూసుకొని మాత్రం ఉండకు, అది నావల్ల కాదు. పూత పోయించుకుంటవో, గిట్లనే ఉంచుకుంటవో నీ ఇష్టం, కాని ఆ మచ్చ నాది, ఎవరన్న అడిగితే నా పేరు చెప్పు. మీ అమ్మకు నువ్వు చెప్పకు. నేను చెప్పాలె, నా నోటితోటి. కొడతదేమో, కొట్టనియ్యి. లే, ఆ బట్ట అక్కడ పారెయ్, చేతులు కడుక్కో. నా చెప్పులేవి. వనజా, మీ ఊరికి మూడు గంటల బస్సు ఇంకా పోతున్నదా, బంద్ చేసిండ్రా?